స్టూలు జరిగిన చప్పుడు

పాటల పట్టికలోని నలభై రెండు వరసల్లో నలభై ఒకటి నిండి ఉన్నాయి. చివరి వరసలో, ‘చావు ఏడుపు’ అన్న మాటకు ఎదురుగా, సోని ఒకే ముక్క రాసి పెట్టింది. పెండింగ్.

హరిలాల్ ఆ ముక్కను కాసేపు చూశాడు. పదహారేళ్లుగా టేకులపల్లి మండలంలోని ఒక హైస్కూల్లో సోషల్ చెబుతున్నవాడు. ఖాళీ గడి కనిపిస్తే ఊరుకునే మనిషి కాదు. పిల్లలు పటంలో వదిలేసిన నదుల పేర్లు తనే ఎర్రపెన్నుతో రాసి గానీ పేపరు చేతికివ్వడు. ఇప్పుడు మాత్రం రాయడానికి ఏమీ తోచలేదు. ల్యాప్‌టాప్ మూసి, అన్నం దించుకొని, డబ్బా కట్టుకొని బడికి వెళ్లాడు.

సోని పోయి డెబ్బై రోజులు. డెంగీ, ఎనిమిది రోజుల జ్వరం. అడిగిన వాళ్లందరికీ అతను ఈ మాటే చెప్పాడు. అంతకు మించి చెప్పలేదు. మొన్న దీపావళికి తండా ఆనవాయితీ ప్రకారం నిప్పుల మీద నెయ్యి, పాయసం వేసి పోయినవాళ్ల పేర్లు పలికేటప్పుడు, తాత పేరు, తండ్రి పేరు చెప్పిన గొంతుతోనే సోని పేరూ చెప్పాడు. గొంతు వణకలేదు. వణకలేదని అతనే గమనించాడు, పక్కవాడి గొంతును గమనించినట్టు.

సోని తండాలో అంగన్‌వాడీ టీచర్. ఆ పని అయ్యాక హైదరాబాద్‌లోని ఒక యూనివర్సిటీ వాళ్ల కోసం లంబాడీ ఆడవాళ్ల పాటలు రికార్డు చేసేది. మూడేళ్లు చేసింది. అరచేతిలో పట్టేంత రికార్డరు, దానికి ఒక ఎర్ర లైటు. పాట రికార్డు చేస్తే పని అయిపోదు. కంప్యూటర్లో దాన్ని తెరిస్తే గొంతు గీతలు గీతలుగా తెర మీద పరుచుకుంటుంది. దాని కింద, ఏ సెకనులో ఎవరు ఏమన్నారో లంబాడీలో రాయాలి. దాని కింద తెలుగు అర్థం. అన్నిటి కింద ‘ఇతర శబ్దాలు’. అప్పుడే ఆ పాట యూనివర్సిటీ వారి డిజిటల్ భాండాగారంలోకి ఎక్కుతుంది. ఎక్కిన పాటను ఎక్కడివాళ్లయినా వెతికి వినొచ్చు, చదువుకోవచ్చు, దాని మీద పరిశోధన రాసుకోవచ్చు. సోని నలభై ఒక్క పాటలు రికార్డు చేసింది, ఇరవై పాటలకే కింద రాసింది. మిగతావి హరిలాల్ రాస్తున్నాడు.

ఆ సాయంత్రం యూనివర్సిటీ నుంచి ఫోన్ వచ్చింది. పని చూసే అమ్మాయి, శ్రావణి.

“సార్, తొందర పెడుతున్నానని కాదు. ముప్పయ్యో తారీఖుకి ఫైల్స్ లాక్ అయిపోతాయి. మీకు వీలైనంతే చెయ్యండి. నలభై రెండోది పెండింగ్ అనే పెట్టి మూసేద్దాం. మేడం చాలా చేశారు సార్ అసలు.”

“ఇంకా పన్నెండు రోజులున్నాయి కదమ్మా.”

“ఉన్నాయి సార్. కానీ ఆ పాట... ఇప్పుడు ఎవర్ని అడుగుతారు?”

ఎవర్ని అడగాలో హరిలాల్‌కు తెలుసు. అడిగితే ఏమంటుందో కూడా తెలుసు.

తండాలో ఏడుపు అంటే రూప్లిదే. రూప్లి హరిలాల్ తల్లికి అక్క. అతను యాడీ అని పిలుస్తాడు, అంటే అమ్మా అని. డెబ్బై దాటింది. ఇప్పటికీ అద్దాల రవిక, చెంపల పక్కన జుట్టుకు కట్టిన వెండి గజ్జెలు. తల తిప్పితే గలగలమంటాయి. పెళ్లికూతుర్ని సాగనంపే ఢావ్లో పాట ఎన్నిసార్లు పాడమన్నా పాడింది, తీజ్ పండుగ పాటలు పాడింది, తిట్ల పాటలు కూడా పాడి రికార్డరు ముందే సోనిని తిట్టింది. చావు ఏడుపు మాత్రం పాడనంది.

“శవం లేని ఏడుపు ఇంకో శవాన్ని పిలుస్తది,” అంది.

“సరే, ఎవరన్న పోయినప్పుడు వస్త,” అంది సోని.

“రా. వచ్చి ఏం జేస్తవ్? ఏడ్సుడంటే ఒకదాని భుజం మీద ఒకతి తల పెట్టాలె. రెండు చేతుల పట్టుకోవాలె. పోయినోళ్ల పేరు పెట్టి పిలవాలె. నీ డబ్బాని ఏ చేత్తోని పట్టుకుంటవ్?”

“మూడో చెయ్యి మొలిపించుకుంట.”

ఆ మాట చెప్పి ఇంటికొచ్చి సోని విరగబడి నవ్వింది. తరువాత మూడు చావులకు రికార్డరు సంచిలో వేసుకొని వెళ్లింది. మూడుసార్లూ దాన్ని బయటికి తీయకుండానే వచ్చింది. “రెండు చేతులూ అయిపోయినయ్,” అని మాత్రం చెప్పింది.

నాలుగో చావు ఆమెదే. ఆ రోజు లోపల రూప్లి ఏడ్చింది. హరిలాల్ బయట, మగవాళ్ల మధ్య, టార్పాలిన్ కింద కూర్చున్నాడు. రేకుల మీద వాన పడితే వినిపించినట్టు ఏడుపు వినిపించింది. అందులో ఒక్క మాటా అతనికి అందలేదు. తను కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీకి ఒక కాలు చీలిందని, బరువు రెండో వైపు వేసి కూర్చోవాలని, అదొక్కటే గుర్తుంది.

బడిలో హెడ్మాస్టరు వెంకటరామారావుది ఎర్రుపాలెం వైపు. మంచివాడు. ఊరికే ఉండలేడు.

“మీరు సెలవు పెట్టొచ్చు కదండీ హరిలాల్ గారూ. మీరిలా బెల్లు కొట్టకముందే వచ్చి కూర్చుంటుంటే మాకే సిగ్గేస్తుంది.”

“పనుంది సార్.”

“ఆ కంప్యూటర్ పనా? ఇప్పుడన్నీ అదే రాసి పెడుతుందటగా. మా అల్లుడు చెప్పాడు, నోటితో చెబితే చాలంట.”

హరిలాల్ ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పాడు. గొంతు విని రాసే ఆ ప్రోగ్రాంకు తెలుగు తెలుసు గానీ లంబాడీ తెలియదు. వినిపించినదాన్ని తెలుగనుకొని తనకు తోచింది రాస్తుంది. వెంకటరామారావు కళ్లద్దాలు సర్దుకొని పైకి చదివాడు. “‘మా బావ కోడి రోడ్డు మీద పాయసం.’ ఇదేం పాటండీ బాబూ.”

“పెళ్లిపాట సార్. పిల్ల తల్లిగారి గడప దాటేటప్పుడు పాడేది.”

“అల్లుడికి చెప్పాలి,” అని నవ్వాడు. ఇంకో వరస చదివాడు. అక్కడ మధ్యలో, బూడిదరంగులో ఒక గీత ఉంది. “ఇదేంటి, ఇక్కడేం రాయలేదు?”

“అది సోని గొంతు సార్. ప్రశ్న అడుగుతోంది. సేకరించేవాళ్ల మాటలు రాయక్కర్లేదని రూలు. ప్రోగ్రాం బూడిదరంగు వేసి వదిలేస్తుంది.”

వెంకటరామారావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మధ్యాహ్నం తన క్యారియర్‌లోని గోంగూర పచ్చడి గిన్నె హరిలాల్ డబ్బా పక్కన పెట్టి వెళ్లాడు.

పదిహేడో ఫైలు దగ్గర సంగతి బయటపడింది.

అది రూప్లి పాడిన విసుర్రాయి పాట. ముప్పై ఒకటో నిమిషంలో పాట అయిపోతుంది. సోని తన పట్టికలో ‘ముప్పై ఒకటి తరువాత ఖాళీ’ అని రాసింది. ఫైలు మాత్రం యాభై రెండు నిమిషాలుంది. ఖాళీ అయినా సరే, చివరిదాకా చూడకుండా సంతకం పెట్టడం హరిలాల్‌కు చేతకాదు. ఆపకుండా వదిలేశాడు, నడుస్తోంది. కోడి కూసింది. ఎవరిదో బండి పోయింది. సోని, రూప్లి మాట్లాడుకుంటున్నారు.

“నీ యాడికి ఎవరు ఏడ్సిన్రే?” అంది రూప్లి.

“ఎవరు ఏడ్వలే.”

“ఎవరూ?”

“కరోనా గదా యాడీ. ఖమ్మం దవాఖానా నుంచి సంచిల చుట్టి అటే పట్కపోయిన్రు. తండాకు ముండ్లకంప అడ్డం పెట్టిన్రు. ఎవర్నీ పోనియ్యలే. ఫోన్ల చూసిన. సంచే కనపడ్డది.”

ఆ తరువాత రూప్లి గొంతు వచ్చింది, వేరే గొంతులా. “ఇటు రా,” అంది.

హరిలాల్ తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. ప్రోగ్రాం ఆ చోట ‘నవ్వు’ అని గుర్తు పెట్టింది. అది నవ్వు కాదు. రూప్లి సోని తల్లిని పేరు పెట్టి పిలుస్తోంది. జమ్లీ, నీ బిడ్డ వచ్చింది, లెవ్వవేందే. మొకం చూపియ్యకుండ పోయినవేందే. కంప అడ్డం పెడితే పిట్ట ఆగిందా, గాలి ఆగిందా, నీ బిడ్డనొక్కదాన్నే ఆపిన్రే. దాని మీద, దాని కిందుగా, ఇంకో గొంతు. బూడిదరంగు గీత. అది మాటలు వెతుక్కుంటూ, రూప్లి రాగాన్ని పట్టుకొని వెనకే నడుస్తోంది.

పెండింగ్ అని రాసిన పాట సోని దగ్గరే ఉంది.

అతను ల్యాప్‌టాప్ మూయలేదు. ఏడవలేదు. లేచి పెరట్లో ఆరేసిన రెండు చొక్కాలు తీసి మడతపెట్టాడు. మళ్లీ వచ్చి కూర్చొని శ్రావణికి ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

“సార్,” అంది శ్రావణి. “మేడం రికార్డరు ఆపడం మర్చిపోయారా, తెలిసే ఉంచారా?”

“తెలియదు.”

“మర్చిపోయి ఉంటే మేం దాన్ని ఉంచకూడదు సార్. మీరు కోసి పంపాలి, మీ దగ్గర కూడా ఉంచుకోవద్దంటాం. ఒప్పుకోకుండా పడ్డ గొంతు మేం తీసుకోం. ఆ రూల్ రాసినప్పుడు మేడం కూడా మీటింగ్‌లో ఉన్నారు. గట్టిగా పట్టుబట్టింది ఆమే.”

“తెలిసే ఉంచితే?”

“అప్పుడు ఆమె తరఫున మీరు సంతకం పెట్టొచ్చు. కానీ మీకే తెలియాలి సార్. నేనెట్ల చెప్తా.”

ఆ తరువాత నాలుగు రోజులు హరిలాల్ ఆ ఫైలు ముట్టుకోలేదు. మిగతావి పూర్తి చేశాడు. బడిలో తొమ్మిదో తరగతికి హక్కుల పాఠం చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒకచోట ఆగాడు. పిల్లలు తలెత్తి చూశారు. నల్లబల్ల తుడిచి మళ్లీ మొదలుపెట్టాడు. ఆపడం మర్చిపోయి ఉంటే, కోయాలి. కోస్తే, సోని గొంతు ప్రశ్నలకే మిగులుతుంది. ఎవరు నేర్పిన్రు, ఎప్పుడు పాడుతరు, ఇంకోసారి పాడవా. అన్నీ బూడిదరంగు. కోయకుండా పంపితే, ఆమె తనే పట్టుబట్టి రాయించిన రూలును మొగుడే తప్పినట్టు.

ఆమె ఏమనుకుందో తెలిస్తే చాలు. చెప్పడానికి ఆమె లేదు.

ఐదో రోజు ఫైలు తెరిచాడు. కోయడానికే తెరిచాడు. కోసే ముందు పాట ముక్క వరకైనా శుభ్రం చేద్దామని చప్పుళ్లు తీసే బటన్ నొక్కాడు. గాలి, ఫ్యాను, బండ్ల మోత పట్టుకొని, ఒక్కొక్కటీ చూపించి, తీసెయ్యనా ఉంచనా అని అడుగుతుంది. అది ఫైలంతా వెతికి అరవై మూడు చప్పుళ్లు పట్టుకొచ్చింది. కోడి. తీసెయ్. కుక్కర్ విజిల్. తీసెయ్. దగ్గు. తీసెయ్. పిల్లల కాపీలు దిద్దినంత మామూలుగా నొక్కుకుంటూ పోయాడు.

నలభై ఆరోది ముప్పై అయిదో నిమిషంలో ఉంది. ఏడుపు నడుమ. ఏదో గరగరా గీసుకున్న చప్పుడు. రెండు సెకన్లు.

వేలు తీసెయ్ మీదికి వెళ్లి ఆగింది. తెర మీద గీతలు చూశాడు. ఆ చప్పుడుకు ముందు గొంతుల గీతలు సన్నగా, గడ్డిపరకల్లా ఉన్నాయి. దాని తరువాత రెండింతలు లేచాయి. మళ్లీ విన్నాడు. ముందు ఏడుపు గదిలో ఎక్కడో దూరంగా ఉంది. చప్పుడు తరువాత చెవి పక్కన ఉంది. రూప్లి జుట్టు గజ్జెలు కూడా వినిపిస్తున్నాయి. అంతకుముందు వినిపించలేదు.

ఎవరో రికార్డరును దగ్గరికి జరిపారు.

గాలికీ జరగొచ్చు. పిల్లి తగలొచ్చు. హరిలాల్ ఆ రెండు సెకన్లను మాత్రం విడిగా కత్తిరించి ఫోన్‌లో వేసుకున్నాడు. అటూ ఇటూ ఏడుపు ఒక్క ముక్క కూడా రాకుండా మూడుసార్లు సరిచూశాడు. రూప్లి మాట అతనికి గుర్తుంది. శవం లేని ఏడుపు.

ఆదివారం పొద్దున వెళ్లేసరికి రూప్లి వాకిట్లో కూర్చొని పత్తికాయల్లో నుంచి దూది తీస్తోంది. ఒడి నిండా తెలుపు. గజ్జెల మీద కూడా రెండు దూదిపింజెలు.

“ఏంర హర్యా, బడి లేదా?”

“ఆదివారం యాడీ.”

“ఆదివారం తెలుస్తున్నదా నీకు? అయితే బతికే ఉన్నవ్. కూసో. చెయ్యి ఖాళీగ పెట్టకు, ఆ కాయలందుకో.”

అతను కూర్చొని పత్తికాయ తీసుకున్నాడు. రెండు కాయలు ఒలిచాక అన్నాడు. “ఒక చప్పుడు ఇనిపిస్త. ఏందో చెప్పు.”

“పాటనా? పాట గిట్ట అయితే నాకొద్దు. నా గొంతు నాకు ఇనబుద్ధి గాదు. మేక లెక్కుంటది.”

“పాట గాదు. ఏడుపు గాదు. ఉత్త చప్పుడు.”

ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాడు. గరగర. రూప్లి కనుబొమ్మలు ముడిచింది.

“మళ్లొకపాలి పెట్టు.”

పెట్టాడు. ఆమె ఒడిలో దూది పక్కన పోసి, మోకాలి మీద చెయ్యేసి లేచి, లోపలికి పోయింది. లోపల నుంచి అదే చప్పుడు వచ్చింది. గరగర. ఇంకోసారి. గడప దగ్గర నిలబడి ఇనుప స్టూలు చూపించింది. ఒక కాలికి రబ్బరు తొడుగు లేదు.

“గిది మా స్టూలు. నా మనుమడు రబ్బరు పీకిండు. బండల మీద గిట్లనే గీస్తది. దీని మీదనే గద సోని దాని డబ్బా పెట్టేది.”

“ఎవరు జరిపిన్రు యాడీ?”

“ఎప్పుడు?”

“జమ్లి పేరు మీద ఏడ్సిన్రు గద మీరిద్దరు. అప్పుడు.”

రూప్లి అతని మొహంలోకి చూసింది. స్టూలు కిందపెట్టి దాని మీదే కూర్చుంది.

“నేనెట్ల జరుపుత? నా చేతులు రెండు దాని వీపు మీదున్నయ్. అదే, నడుమల ఒక చెయ్యి తీసింది. ముక్కు తుడుసుకోనికేమో అనుకున్న. అంతా అయినంక తిట్టిన గూడ. తల్లి పేరు మీద ఒంటిచేత్తోని ఏడుస్తరానే, సిగ్గులేనిదానా అని.”

“ఏమన్నది?”

“నవ్వింది. కండ్లల్ల నీళ్లు కారంగ నవ్వింది. మూడో చెయ్యి మొలవలే యాడీ, ఏం జెయ్యాలె అన్నది.”

హరిలాల్ చేతిలోని పత్తికాయను చూశాడు. దూది అంతా తీసేసినా అతని వేళ్లు ఇంకా దాన్ని ఒలుస్తూనే ఉన్నాయి.

“మరి ఎందుకు పంపలే?” అన్నాడు. “పట్టికల ఖాళీ అని రాసింది. పెండింగ్ అని రాసింది.”

“పంపాలంటే మళ్ల ఇనాలె గద. అది ఇనుడు నేను చూసిన. ఒక్క ముక్క ఇని ఆపుతది, రాస్తది, ఎనక్కి జరుపుతది, మళ్ల ఇంటది. సొంత తల్లి ఏడుపును గట్ల ముక్కలు ముక్కలు చేసి ఇంటరార ఎవరన్న?” కొంగుతో మూతి తుడుచుకుంది. “జర ఆగి ఇందామనుకున్నదేమో.”

“ఇప్పుడు నేను ఇనాలె.”

“ఇను. ఆ దినం నువ్వేం ఇనలే. నేను ఇంట్ల ఏడ్సుకుంటనే దర్వాజలకెల్లి చూసిన. కుర్చీల నీ అంగీ ఉన్నది, నువ్వు లేవు.”

అతను అవునని తల ఊపాడు. చాలాసేపు ఇద్దరూ దూది తీశారు. అతను లేచి వెళ్లేటప్పుడు రూప్లి వెనక నుంచి అంది. “రాసేటప్పుడు జమ్లి పేరు సక్కగ రాయి. పేరు లేని ఏడుపు ఎవరికీ చేరదు.”

ఇంటికొచ్చి పదిహేడో ఫైలును రెండు చేశాడు. విసుర్రాయి పాటను దాని వరసలో ఉంచి, మిగతాదాన్ని నలభై రెండో వరసలోకి తెచ్చాడు. పెండింగ్ అన్న మాట చెరిపాడు. ఎవరి కోసం అన్నచోట జమ్లి అని రాశాడు. సేకరించినవారు, సోని. అది ముందే ఉంది. పాడినవారు అన్న గడిలో రూప్లి అని రాసి, కామా పెట్టి, సోని అని రాశాడు. బూడిదరంగు గీత మీద నొక్కితే రంగు మార్చమంటారా అని అడిగింది. మార్చాడు. రూప్లిది ఆకుపచ్చ. సోనికి ఏ రంగు ఇవ్వాలో తెలియక, మొదట కనిపించిన నీలం ఇచ్చాడు.

ఒప్పుదల కాగితంలో ఆమె పేరు కింద తన సంతకం పెట్టాడు. సంబంధం అన్నచోట భర్త అని రాశాడు.

నలభై ఆరో చప్పుడు ఇంకా అడుగుతూనే ఉంది. తీసెయ్యనా, ఉంచనా. ఉంచు అన్నాడు. అన్నిటికన్నా కింద, ఇతర శబ్దాల వరసలో, ఆ రెండు సెకన్ల కింద అక్షరం అక్షరం రాశాడు: స్టూలు జరిగిన చప్పుడు. సోని జరిపింది.

అప్పుడు ఫైలును మొదటికి తెచ్చి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. ఇరవై ఒక్క నిమిషాలు. గడువుకు ఇంకా మూడు రోజులున్నాయి. ‘ఇటు రా,’ అంది రూప్లి. ఆపాడు. రాశాడు. వెనక్కి జరిపి, మళ్లీ విన్నాడు.